బల్బు కింద 35, అంచున 28

ఇంట్లో కోడిపిల్లలు పెంచాలనుకునే వాళ్ల చేతికి ముందుగా వచ్చే అంకె 35. మొదటి వారం 35 డిగ్రీల వేడి, రెండో వారం 32, మూడో వారం 29, నాలుగో వారం 26. ఫారెన్‌హీట్‌లో అయితే గుర్తుపెట్టుకోవడం ఇంకా తేలిక: 95తో మొదలుపెట్టి వారానికి అయిదేసి తగ్గించుకుంటూ పోవడమే. పట్టికలో తప్పేమీ లేదు. దాన్ని చదువుకునే తీరులోనే ఉంది తిరకాసు. ఆ 35 పెట్టె మొత్తానికి చెప్పిన అంకె కాదు. బల్బు కింద, పిల్ల వీపు ఎత్తున, ఒక్క చోట ఉండాల్సిన వేడి అది. అక్కడి నుంచి ఎడంగా జరిగే కొద్దీ వేడి దిగుతూ రావాలి. అవతలి అంచున 28, 29 ఉంటే పిల్ల తనకెంత కావాలో అంత తానే వెతుక్కుంటుంది. అంతటా ఒకే వేడి నింపితే దానికి ఆ వీలుండదు. చలికి పోయే పిల్లల గురించి అందరూ హెచ్చరిస్తారు. ఉడికిపోయి పోయే వాటి గురించి చెప్పేవాళ్లు తక్కువ. మన ఎండల్లో ఈ రెండో గండమే పెద్దది.

అసలు అంత వేడి ఎందుకంటే, గుడ్డులో 21 రోజులుండి బయటికొచ్చిన పిల్ల తూగేది 35 నుంచి 40 గ్రాములే. పెద్ద కోడి ఒంటి వేడి 41 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అప్పుడే పుట్టిన పిల్లది అంతకన్నా ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. ఒంటి మీద ఉన్నది నూగే కానీ ఈకలు కావు. బరువుతో పోల్చి చూస్తే ఇంత చిన్న ప్రాణికి చర్మం ఎక్కువ, అందుకే వేడి త్వరగా జారిపోతుంది. పోయిన వేడిని లోపలి నుంచి పూడ్చుకునే శక్తి 10 నుంచి 14 రోజులు గడిస్తే గాని కుదురుకోదు. రెక్కల దగ్గర మొదలైన ఈకలు ఒళ్లంతా కప్పేసరికి నాలుగైదు వారాలు పడుతుంది.

పెరట్లో నాటు పెట్ట ఈ పనిని ఏ థర్మామీటరూ లేకుండా చేస్తుంది. రెక్కల కింద వేడి, చుట్టూ చల్లటి నేల. పిల్ల మేత ఏరుకుంటుంది, చలేస్తే లోపలికి దూరుతుంది, ఒళ్లు కాగాక బయటికొస్తుంది. కానీ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన డైరెక్టరేట్ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి లాంటి పెరటి రకాలు మన ఇంటికి హేచరీ నుంచి తల్లి లేకుండానే వస్తాయి. గుడ్ల కోసం మెరుగుపరిచిన రకాల్లో పొదుగు మీద కూర్చునే గుణం బాగా తగ్గిపోతుంది కాబట్టి తర్వాతి తరానికి కూడా తల్లి దొరకదు. వీటిని పెరట్లోకి వదిలే ముందు ఆరు వారాలపాటు లోపలే పెంచమని నిపుణులు చెప్పేది అందుకే. ఆ ఆరు వారాల్లో మొదటి మూడు, నాలుగు వారాలు తల్లికి బదులు బల్బు వేడినిచ్చే బ్రూడర్‌వి.

బల్బు కొనే ముందు ఒక తీసివేత

బల్బు చేయాల్సిన పని ఎంతో తెలియాలంటే, కావలసిన వేడిలోంచి గది వేడిని తీసేయాలి. జనవరి రాత్రి హైదరాబాద్‌లో గది 20 డిగ్రీలకు దిగిందనుకుంటే 35 లోంచి 20 పోగా 15. లంబసింగి వైపు చలికాలం రాత్రి గది 12కు పడితే 23. అదే ఏప్రిల్ మధ్యాహ్నం విజయవాడలో గది 33 ఉంటే బల్బు పెంచాల్సింది రెండంటే రెండు డిగ్రీలు. ఇక మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో రేకుల ఇంట్లో 39 ఉంటే జవాబు మైనస్ 4. ఏ బల్బూ ఆ నాలుగు డిగ్రీలు తీసేయలేదు.

పిల్లకు ఒకటి నుంచి రెండు వాట్లు అనే లెక్క చాలామంది చెబుతారు. వందల్లో పిల్లల్ని పెంచే షెడ్డుకు ఆ లెక్క బాగానే సరిపోతుంది. ఇంట్లో తెచ్చుకునే అయిదు పిల్లలకు దాన్ని వర్తింపజేస్తే వచ్చేది మహా అయితే 10 వాట్లు. దాంతో గిన్నె కూడా వెచ్చబడదు. పిల్లలు తక్కువైతే వాటి ఒంటి వేడి కూడా తక్కువే, ఒకదాన్నొకటి కాచుకోలేవు. అందుకే పది పిల్లలైనా, ఇరవై అయిదైనా ఇంటి బ్రూడర్ 60 వాట్ల బల్బుతోనే మొదలవుతుంది. అంతకంటే కింద లెక్క పనిచేయదు.

బల్బంటే పాత రకం ఫిలమెంట్ బల్బే. దానికిచ్చిన కరెంటులో నూటికి 90 వంతులకు పైగా వేడిగానే పోతుంది. ఆ దుబారా వల్లే ఇళ్లలోంచి దాన్ని తరిమేశాం, ఇక్కడ మనకు కావలసింది ఆ దుబారానే. 9 వాట్ల ఎల్‌ఈడీ ఎంత వెలిగినా పిల్లకు వెచ్చదనం ఇవ్వదు. వెలుతురుకు, వేడికి లంకె తెంచాలనుకునే వాళ్లకు వెలుగివ్వని సిరామిక్ హీటర్లు దొరుకుతాయి. వాటికి పింగాణీ హోల్డర్ తప్పనిసరి, ప్లాస్టిక్ హోల్డర్ కరిగిపోతుంది.

ఒక్క 100 వాట్ల బల్బు కన్నా రెండు 60లు మేలు. అర్ధరాత్రి ఒకటి మాడిపోతే రెండోది తెల్లవారేదాకా కాస్తుంది. ఎండాకాలం ఒకటి తీసేస్తే సరి.

నాలుగడుగుల వృత్తం

లెక్క 25 పిల్లలకు వేద్దాం. హేచరీ నుంచి వచ్చే అట్టపెట్టెలో సాధారణంగా నాలుగు అరలుంటాయి, అరకు 25 పిల్లలు. ఒక అర తెచ్చుకున్నారనుకోండి.

మూడు వారాల వయసు దాకా పిల్లకు అర చదరపు అడుగు చొప్పున జాగా కావాలి. 25 పిల్లలకు పన్నెండున్నర చదరపు అడుగులు. 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పెట్టె సరిగ్గా ఇంతే వస్తుంది. ఫ్రిజ్ అట్టపెట్టెను పడుకోబెట్టి పై పలక కోసేస్తే దాదాపు పని జరిగిపోతుంది కూడా. అయినా నా ఓటు పెట్టెకు కాదు. పెట్టెకు నాలుగు మూలలుంటాయి. చలేసినా, బెదిరినా పిల్లలన్నీ ఒకే మూలకు పరుగెత్తి ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. అడుగున పడ్డది ఊపిరాడక చస్తుంది. కోళ్ల ఫారాల్లో రేకులతో గుండ్రంగా చుట్టే చిక్‌గార్డ్‌కు కారణం ఇదే.

4 అడుగుల వ్యాసం ఉన్న వృత్తానికి వైశాల్యం 12.57 చదరపు అడుగులు. మనకు కావలసింది అక్షరాలా అదే. చుట్టుకొలత కూడా 12.57 అడుగులే, అంటే పన్నెండడుగుల ఏడంగుళాలు. పాత అట్టపెట్టెల్ని విప్పి, అడుగున్నర ఎత్తు పట్టీలుగా కోసి, అతుకుల కోసం కొంచెం కలుపుకుని 13 అడుగుల పొడవు వచ్చేలా జతచేస్తే గోడ తయారు. స్టాప్లర్ పిన్నులు వద్దు, ఊడి ఊకలో పడితే పిల్లలు మింగుతాయి. రంధ్రాలు చేసి పురికొసతో కుట్టండి. పెట్టెకే మొగ్గుచూపితే కనీసం నాలుగు మూలల్లోనూ అట్టముక్క వంచి నిలబెట్టి గుండ్రం చేయండి.

గచ్చు మీద నేరుగా వేయకూడదు. టైల్స్ అయితే మరీ చల్లన. కింద బరకం, దానిమీద రెండంగుళాల మందాన వరి ఊక. పన్నెండున్నర చదరపు అడుగులకు రెండంగుళాలంటే రెండు ఘనపుటడుగుల పైచిలుకు, దగ్గర దగ్గర 59 లీటర్లు. 50 కిలోల బియ్యం బస్తా నిండుగా ఊక తెచ్చుకుంటే చాలు, తూకానికి ఆరు కిలోలు ఉంటుందేమో. మిల్లులో అడిగేటప్పుడు ఊకే అడగండి, తవుడు కాదు. తవుడు తేమ పీల్చి ముద్దవుతుంది, బూజు పడుతుంది. రంపపు పొట్టు కూడా మరీ మెత్తగా ఉంటే దుమ్ము లేచి పిల్లల ముక్కుల్లోకి పోతుంది.

మొదటి రెండు రోజులు ఊకను మేతనుకుని పొడుచుకు తింటాయి కాబట్టి పైన ఏదైనా పరచాలి. అందరూ పరిచేది న్యూస్‌పేపరు. నున్నటి కాగితం మీద పిల్ల కాళ్లు జారి రెండు పక్కలకూ చీలిపోతాయి, అలా పట్టుతప్పిన కాళ్లు మళ్లీ కుదురుకోవడం కష్టం. ఉతికిన గోనెపట్టా పరిస్తే గోళ్లకు పట్టు దొరుకుతుంది. పేపరే వేయాల్సి వస్తే బాగా నలిపి, రోజుకు రెండు మూడు సార్లు మార్చాలి.

పైన దోమతెర. ఇంట్లో పెంచేది పిల్లి, ఎలుక, పాము బెడద తప్పించుకోవడానికే కదా! రెండో వారానికి పిల్లలు కూడా అడుగున్నర గోడను ఎగిరి దాటే ప్రయత్నం మొదలుపెడతాయి. చలికాలం రాత్రి తెర మీద గోనెసంచి కప్పొచ్చు, కానీ మూడొంతులే. నాలుగో వంతు తెరిచే ఉండాలి. ఊపిరికి, రెట్టలోంచి లేచే ఘాటు పోవడానికి ఆ దారి కావాలి. మీరు వంగి చూసినప్పుడు కళ్లు మండాయంటే, అడుగున బతికే పిల్లలకు అంతకు రెట్టింపు మండుతున్నట్టే.

వేడి మూల ఎక్కడ

రెండు బల్బుల్నీ వృత్తం నడిమధ్య వేలాడదీస్తే వేడి అంతటా సమానంగా పరుచుకుంటుంది. మనకు కావలసింది అది కాదు. ఒక అంచు నుంచి అడుగు లోపలికి వేలాడదీయండి. అప్పుడు అవతలి అంచు మూడడుగుల దూరంలో ఉంటుంది. ఊక నుంచి బల్బు అడుగుకి ఎత్తు అడుగున్నరతో మొదలుపెట్టి, థర్మామీటరు చూసుకుంటూ సర్దుకోవాలి. ఆ తర్వాత వారానికి రెండు మూడు అంగుళాలు పైకి. బల్బు మార్చకుండా వేడి తగ్గించే సులువైన దారి ఎత్తు పెంచడమే.

థర్మామీటరు గోడకు తగిలించి చూస్తే పిల్లకు సంబంధం లేని అంకె వస్తుంది. ఊక మీద రెండంగుళాల ఎత్తున, బల్బు కింద ఒకటి, అవతలి అంచున ఒకటి పెట్టండి. జ్వరం చూసే గాజు థర్మామీటరు ఇందుకు పనికిరాదు. దాని గీతలే 35 దగ్గర మొదలవుతాయి, పైగా ఎక్కిన పాదరసం మనం విదిలిస్తే తప్ప దిగదు. గది వేడి చూపే చవక డిజిటల్ మీటరు చాలు. పిల్లలు రావడానికి ముందు రోజే బల్బు వేసి, ఒక రాత్రీ ఒక పగలూ అంకెలు రాసి పెట్టుకుంటే, మీ గదికి ఎంత తీసివేయాలో పుస్తకం అక్కర్లేకుండానే తెలుస్తుంది.

మంట గురించి మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. కింద ఊక, చుట్టూ అట్ట, పక్కన గోనె, మధ్యలో గాజు పైభాగమే 100 డిగ్రీలు దాటే బల్బు. అగ్గి పుట్టడానికి కావలసినవన్నీ మనమే ఒకచోట చేర్చాం. బల్బును వైరుతో వేలాడదీయకూడదు. వైరు కరెంటుకే, బరువు మోయడానికి వేరే ఇనుప గొలుసు. గొలుసుకు రెండు చోట్ల కొక్కేలు, ఒకటి జారినా రెండోది ఆపేలా. బల్బు చుట్టూ ఇనుప తీగల జాలీ. గోనెసంచి జారి బల్బు మీద పడే వీలు ఏ కోణంలోనూ ఉండకూడదు. ఇవన్నీ కుదరకపోతే ఇంట్లో బ్రూడర్ పెట్టకపోవడమే మంచిది. ఈ ఒక్క విషయంలో నాకు రాజీ లేదు.

కరెంటు ఖర్చు చూస్తే భయపడేంత ఏమీ ఉండదు. చలికాలంలో మొదటి వారం రెండు 60 వాట్ల బల్బులు పగలూ రాత్రీ వెలిగితే రోజుకు 2.88 యూనిట్లు, వారానికి 20. రెండో వారం ఒకటే బల్బు, 10 యూనిట్లు. మూడో వారం రాత్రిళ్లు 12 గంటలు మాత్రమే, 5 యూనిట్లు. మొత్తం 35. ఎండాకాలంలో మొదటి వారం ఒకటే బల్బు, రెండో వారం రాత్రిళ్లే, మూడో వారం ఏమీ లేదు: అంతా కలిపి 15 యూనిట్లు. మీ స్లాబ్‌లో యూనిట్ 5 రూపాయలైతే చలికాలం బ్యాచ్‌కు 175, ఎండాకాలం బ్యాచ్‌కు 75 రూపాయలు.

ఎండాకాలం బ్యాచ్ చవక అని మురిసిపోవద్దు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, 40 గ్రాముల ప్రాణం ఎంతని ఓర్చుకుంటుంది? గది 35 దాటాక పగలు బల్బు ఆర్పేసి, కిటికీలకు తడి గోనెలు కట్టి, ఫ్యాన్ గాలి పిల్లల మీదికి కాకుండా గదిలో తిరిగేలా పెట్టాలి. తెల్లవారుజామున గది 28కి దిగితే బల్బు మళ్లీ కావాలి. అంటే వేసవిలో మీరే థర్మోస్టాట్. ఈ తిప్పలు పడలేని వాళ్లు మృగశిర దాటి వానలు పడి గది చల్లబడేదాకా ఆగితే నష్టమేమీ లేదు.

అంకె కన్నా ముందు పిల్లల్ని చూడాలి

థర్మామీటరు 35 చూపిస్తున్నా పిల్లలన్నీ బల్బు కింద ముద్దగా చేరి కీచుకీచుమని అరుస్తుంటే, వాటికి చలేస్తోందని అర్థం. బల్బుకు దూరంగా గోడవారన చేరి, రెక్కలు జారేసి, నోరు తెరిచి ఎగపోస్తుంటే వేడెక్కువైంది. అన్నీ ఒకే పక్కకు ఒరిగితే ఏ తలుపు సందులోంచో గాలి కొడుతోంది, దాన్ని కనిపెట్టి మూయాలి. కొన్ని తింటూ, కొన్ని తాగుతూ, కొన్ని బల్బుకు కాస్త ఎడంగా కాళ్లు చాపి నిద్రపోతూ, వృత్తమంతా చెదిరి ఉంటే ఏ అంకె ఉన్నా అదే సరైన అంకె. రాత్రి పదింటికి ఒకసారి, తెల్లవారుజామున నాలుగింటికి ఒకసారి చూసిన వాళ్లకు పగలంతా చూసిన వాళ్లకన్నా ఎక్కువ తెలుస్తుంది. గది బాగా చల్లబడేది ఆ వేళకే.

ఇంకో పరీక్ష ఉంది. పిల్లలు వచ్చిన మర్నాడు ఒక్కోదాన్ని చేతిలోకి తీసుకుని మెడ కింద మేత నిలిచే సంచిని వేలితో తడమండి. మెత్తగా, నిండుగా తగలాలి. 24 గంటల్లో నూటికి 95 పిల్లలకు అలా ఉండాలంటారు. మన 25లో 24 అన్నమాట. మూడు నాలుగు ఖాళీగా తగిలితే వేడి సరిపోక అవి మేత దగ్గరికి రావడం లేదు, లేదా నీళ్లు ఎక్కడున్నాయో వాటికి తెలియలేదు.

పుట్టిన పిల్ల పొట్టలో మిగిలిన సొనతో 72 గంటల దాకా మేత లేకుండా బతకగలదు. హేచరీల నుంచి పిల్లల్ని అంత దూరాలకు పంపగలిగేది దాని పుణ్యమే. అలాగని 72 గంటలూ ఆగమని కాదు. దిగగానే ముందు నీళ్లు. దూర ప్రయాణమైతే నీళ్లలో కాస్త బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కును నీళ్లలో ఒకసారి ముంచి వదిలితే మిగతావి చూసి నేర్చుకుంటాయి. రెండు మూడు గంటలకు మేత. మొదటి వారం పిల్లకు రోజుకు పది గ్రాముల చుట్టూ, నాలుగో వారానికి 30 గ్రాముల దగ్గరికి వస్తుంది. నాలుగు వారాలకు ఒక్కోదానికి అర కిలో పైచిలుకు, 25 పిల్లలకు 14 కిలోలు. వనరాజా లాంటి బరువు రకాలకు ఇంకొంచెం ఎక్కువే పెట్టుకోండి. మాంసకృత్తులు నూటికి 20 పాళ్లున్న చిక్ స్టార్టర్ మేత కావాలి. నూకలు, జొన్నలు మాత్రమే వేస్తే కడుపు నిండుతుంది కానీ వాటిలో మాంసకృత్తులు పది పాళ్ల చుట్టూనే, ఈకలు రావడం వెనకబడుతుంది. ఈకలు వెనకబడితే బల్బు ఇంకో వారం వెలగాలి.

నీళ్లు మేతకు రెట్టింపు, ఎండల్లో ఇంకా ఎక్కువ. డ్రింకర్‌ను బల్బు కింద కాకుండా వేడికీ చల్లదనానికీ మధ్య, ఇటుక మీద పెట్టండి. ఇటుక లేకపోతే గంటలో నీళ్ల నిండా ఊకే. తడిసిన ఊక ఎప్పటికప్పుడు తీసేయకపోతే రెండు మూడు వారాల వయసులో నెత్తుటి రెట్టలు కనిపిస్తాయి. అది కాక్సిడియోసిస్, దాన్ని రానీయకుండా ఆపేది పొడి ఊకే.

కరెంటు పోయినప్పుడు

ఇన్వర్టరు ఉన్నవాళ్లకు దిగులు లేదు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్-గంటలు ఉంటాయి. సగమే చేతికొస్తుందనుకున్నా 900. ఒక 60 వాట్ల బల్బుకు 15 గంటలు, ఫ్యాన్లు కట్టేసుకుంటే.

లేనివాళ్లకు వేడినీళ్ల సీసాలు. లీటరు నీరు 60 డిగ్రీల నుంచి 40కి చల్లారేలోపు ఇచ్చే వేడి 23 వాట్-గంటలు, అంటే 60 వాట్ల బల్బు 23 నిమిషాలు ఇచ్చేంత. ఆరు లీటర్లయితే రెండు గంటల ఇరవై నిమిషాలు. గట్టి మూతల సీసాల్లో నింపి, పాత గుడ్డ చుట్టి, ఊకలో ఒకచోట పడుకోబెట్టి పైన గోనె కప్పితే పిల్లలు వాటికి ఆనుకుని ఊరుకుంటాయి. నిప్పుల కుంపటి మాత్రం మూసిన గదిలో పెట్టొద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, పిల్లల ప్రాణాలూ తీస్తుంది, పక్కగదిలో నిద్రపోయే మనుషుల ప్రాణాలూ తీస్తుంది.

కరెంటు సంగతి అలా ఉంచితే, టీకాల లెక్కలో ఒక చిక్కుంది. మారెక్స్ టీకా హేచరీలోనే పుట్టిన రోజు వేస్తారు, వేశారో లేదో అడిగి తీసుకోండి. కొక్కెర తెగులుకు 5 నుంచి 7 రోజుల మధ్య కంట్లో చుక్క, గంబోరోకు 14వ రోజు ప్రాంతంలో ఇంకో చుక్క, నాలుగో వారంలో కొక్కెర టీకా మళ్లీ. మన దగ్గరున్నవి 25 పిల్లలే, సీసాలో డోసులేమో వందల్లో ఉంటాయి. కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అందుకే ఊళ్లో నలుగురైదుగురు ఒకే వారంలో పిల్లల్ని దించుకుని, పశువైద్యశాలలో ఒకే రోజు చెప్పుకుంటే అందరికీ కలిసొస్తుంది.

ఇంట్లోంచి ఎప్పుడు పంపాలి? మూడు వారాలు నిండగానే అంటాను. అప్పటికి పిల్ల పుట్టినప్పటి బరువుకు నాలుగైదు రెట్లు పెరుగుతుంది, నూగు రాలి గదంతా పొడి లేస్తుంది, అర చదరపు అడుగు చాలక ఒకదాని ఈకలు ఒకటి పొడుస్తుంది. మూడు వారాలు దాటితే ఒక్కోదానికి చదరపు అడుగు కావాలి, అంటే ఇల్లు వదిలి వరండాకో కొట్టానికో మారాల్సిందే. నిజానికి మొదటి రోజు నుంచీ ఈ గది వంటగదికి దూరంగా ఉండాలి. ఎంత ముద్దొచ్చినా పిల్లల రెట్టలో సాల్మొనెల్లా ఉండొచ్చు, ముట్టుకున్న చిన్నపిల్లల చేతులు సబ్బుతో కడిగించాలి. పంపే ముందు మూడు రాత్రులు బల్బు ఆర్పి చూడండి. చెదిరి పడుకుంటే సిద్ధమైనట్టే. ముద్దగా చేరితే ఇంకో నాలుగు రోజులు ఆగండి, పట్టికలో వారం ఎన్నోదైనా సరే.

ఖాళీ అయ్యాక ఊకంతా ఎత్తి పెరటి ఎరువు గుంతలో వేయొచ్చు. గోడగా వాడిన అట్టను మాత్రం రెండో బ్యాచ్‌కు వాడకూడదు, దాని పొరల్లోకి దిగిన రెట్ట కడిగితే పోయేది కాదు. గొలుసు, హోల్డరు, జాలీ, డ్రింకర్లు కడిగి ఎండలో ఆరబెట్టి, గదిని రెండు వారాలు ఖాళీగా వదిలి, ఆ తర్వాతే మళ్లీ 25 పిల్లలకు చెప్పుకోండి.